భూమికి పడిన పెద్ద గోతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం జిల్లాలో, చీపురుపల్లికి దగ్గర్లో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా పిల్లలకి గొయ్యి అంటే కొత్త కాదు. గరివిడి, గర్భాం చుట్టుపక్కల మాంగనీసు తవ్వి వదిలిన గోతుల పక్క నుంచే సైకిళ్ల మీద బడికి వస్తారు. అయినా ఫోన్లో సైబీరియా గొయ్యి వీడియో చూసి వచ్చిన రోజు ఇక పాఠం సాగదు, అన్నీ ప్రశ్నలే. వాటిని చాలాకాలంగా ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మళ్లీ మళ్లీ వచ్చినవీ, పేరెంట్స్ మీటింగులో పెద్దలు అడిగినవీ కలిపి ఇక్కడ పెట్టాను. ఏ గొయ్యి గురించి అడిగినా నేను పిల్లల్ని తిరిగి ఒకటే అడుగుతాను: అందులో ఉండాల్సిన మట్టి, రాయి ఎక్కడికి పోయింది? దానికి జవాబు దొరికితే ఆ గోతి కథంతా తెలిసినట్టే.

మనిషి తవ్విన వాటిలో అన్నిటికన్నా లోతైనది ఏది?

రష్యాలో, నార్వే సరిహద్దుకి దగ్గరగా, కోలా ద్వీపకల్పంలో ఉన్న బోరు. నీళ్ల కోసమో చమురు కోసమో వేసింది కాదది, భూమి లోపల ఏముందో చూద్దామని వేశారు. 1970 మే నెలలో మొదలుపెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. ఆమదాలవలస స్టేషన్లో దిగి శ్రీకాకుళం టౌనుకి ఆటోలో వచ్చే దూరం ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ దూరాన్ని నిట్టనిలువుగా నేలలోకి ఊహించుకోండి. మందస వైపు వెళ్తే కనిపించే మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. అలాంటి కొండలు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చి అందులో దించినా ఎనిమిదో కొండ కొస పైకి కనబడదు.

కానీ వెడల్పు చెప్పగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. 23 సెంటీమీటర్లు. మనం అన్నం తినే కంచం కన్నా చిన్నది. పనులు ఆగిపోయాక దానికి ఇనప మూత పెట్టి బోల్టులు బిగించేశారు. తర్వాత ఖతార్‌లోనూ సఖాలిన్ దీవి దగ్గరా చమురు కోసం ఇంతకన్నా పొడవైన బోర్లు వేశారు గానీ అవి ఏటవాలుగా పోయినవి. నిలువు లోతులో కోలాదే పైచెయ్యి.

ఆ బోరులో నరకం నుంచి అరుపులు వినిపించాయట కదా మాస్టారూ, అందుకే ఆపేశారా?

లేదు నాన్నా. అది 1990 ప్రాంతంలో పుట్టిన పుకారు, ఇప్పుడు యూట్యూబ్‌లో తిరుగుతోంది. అసలు ఇబ్బంది వేడితో వచ్చింది. అంత లోతులో 100 డిగ్రీలు ఉంటుందని లెక్క వేసుకున్నారు, తీరా దిగితే 180 డిగ్రీలు. ఆ వేడికీ ఒత్తిడికీ రాయి గట్టిదనం కోల్పోయి జిగటగా కదులుతుంది. డ్రిల్లు బయటికి లాగేసరికి తవ్విన దారి మళ్లీ మూసుకుపోయేది. 1992లో తవ్వకం ఆపేశారు.

అరుపుల మాట వదిలేస్తే, నిజంగా ఆశ్చర్యపోవలసినవి అక్కడ వేరే ఉన్నాయి. ఆరు కిలోమీటర్ల లోతులో, ఒకప్పుడు సముద్రంలో తేలిన సూక్ష్మజీవుల శిలాజాలు దొరికాయి. నీరు ఉండదనుకున్న చోట నీరు తగిలింది. ఇంతా చేసి, భూమి నడిబొడ్డుకి 6,371 కిలోమీటర్లు. భూమిని మామిడిపండు అనుకుంటే ఆ బోరు తొక్క కూడా దాటలేదు.

మన ఊళ్లో తవ్వుకుంటూ పోతే అటువైపు అమెరికాలో తేలతామా?

తేలం. శ్రీకాకుళానికి సరిగ్గా అవతలి పక్క ఉండేది పసిఫిక్ మహాసముద్రం. పెరూ దేశానికి పడమరగా, ఒడ్డుకి చాలా దూరంలో, నడి సముద్రం. అక్కడ పగలైతే మనకి రాత్రి కాబట్టి అమెరికా మన కాళ్ల కింద ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ దేశం కూడా మనలాగే భూమధ్యరేఖకి పైనే ఉంది. మన దగ్గర మొదలై భూమి నడిమధ్యగా పోయిన గీత కింది సగంలోనే తేలాలి. అలాంటి సొరంగమే ఉండి, గాలి రాపిడి లేకుండా అందులోకి జారితే అటు చివరకి 42 నిమిషాల్లో చేరతామని పాఠ్యపుస్తకం లెక్క. ఇంటర్ పిల్లలు వేసి చూడండి, సరళ హరాత్మక చలనం పాఠంలోంచే వస్తుంది.

మనుషులు తవ్విన వాటిలో, కళ్లతో చూడగలిగేంత పెద్దది?

అమెరికాలోని ఉటా రాష్ట్రంలో బింగమ్ కాన్యన్ రాగి గని. 1906 నుంచి తవ్వుతూనే ఉన్నారు. లోతు 1.2 కిలోమీటర్లు, వెడల్పు 4 కిలోమీటర్లు. అడుగున తిరిగే లారీలు పైనుంచి చీమల్లా కనిపిస్తాయి.

నేను ఈ గని గురించి చెప్పేది సైజు కోసం కాదు. 2013 ఏప్రిల్ 10 రాత్రి దాని గోడ ఒకటి కూలి, కోట్ల టన్నుల రాయి అడుగుకి జారిపోయింది. ఆ అదురుకి చిన్నపాటి భూకంపాలు కూడా వచ్చాయి. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. ఎందుకంటే ఆ గోడ కొద్దికొద్దిగా కదులుతోందని రాడార్లు ముందే పట్టేశాయి, మనుషుల్ని ముందే ఖాళీ చేయించారు. గొయ్యి తవ్వినవాళ్లు దాన్ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండాలి. ఈ సంగతి కింద మళ్లీ వస్తుంది.

వజ్రాల కోసం చేత్తో తవ్విన గొయ్యి ఉందంటారు, నిజమేనా?

నిజం. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో ఉంది. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

అక్కడ మొదట ఉన్నది గుట్ట. 1871లో ఆ గుట్ట మీద వజ్రాలు దొరికాయని తెలియగానే వేలమంది ఎగబడ్డారు. నేలని చిన్న చిన్న మళ్లుగా కొలిచి ఇచ్చారు. ఎవరి మడి వాళ్లు తవ్వుకుంటూ పోయారు. ఒకరు గబగబా తవ్వితే పక్కవాళ్లు నెమ్మదిగా తవ్వేవారు. దాంతో మళ్ల మధ్య మట్టిగోడలు నిలబడి, వానకి నాని కూలి కిందివాళ్ల మీద పడేవి. లోతు పెరిగాక మట్టి పైకి లాగడానికి ప్రతి మడి నుంచి గట్టు మీదికి ఇనప తీగలు కట్టారు. అప్పటి ఫోటోలు చూస్తే గోతి మీద సాలెగూడు అల్లినట్టు ఉంటుంది.

1914లో పని ఆగేసరికి గుట్ట మాయమై 463 మీటర్ల వెడల్పు గొయ్యి మిగిలింది. విస్తీర్ణం 17 హెక్టార్లు, మన లెక్కలో 42 ఎకరాలు. పలుగూ పారతో తవ్వింది 240 మీటర్ల లోతు దాకా. బయటికి తీసిన మట్టీ రాయీ సుమారు 2 కోట్ల 20 లక్షల టన్నులు. అందులోంచి వచ్చిన వజ్రాలు 2,720 కిలోలు. అంటే ఊరు ఊరంతా తవ్వి పోసి, చివరికి ఒక చిన్న లారీలో పట్టేంత సరుకు తీశారు.

తవ్వినవాళ్లలో చాలామంది నల్లజాతి కూలీలు. వజ్రాలు దాచేస్తారని తర్వాతి రోజుల్లో వాళ్లని కంచెలు కట్టిన ఆవరణల్లో నెలల తరబడి ఉంచారు, బట్టలిప్పించి సోదా చేసేవారు. ఆ గోతి ఫోటో కింద 463 మీటర్లు అని రాసి ఉంటుంది గానీ ఈ మాట చాలాచోట్ల ఉండదు. క్లాసులో నేను ముందు ఇది చెప్పి, తర్వాతే అంకెలు చెబుతాను.

ఇక ఆ వజ్రాలు పుట్టింది అక్కడ కాదు. నేల కింద 150 కిలోమీటర్లకి పైగా లోతులో పుట్టి, ఎప్పుడో పాతకాలపు అగ్నిపర్వతం గొట్టంలోంచి పైకి తన్నుకొచ్చాయి. ఆ రాయికి ఈ ఊరి పేరు మీదే కింబర్లైట్ అని పేరు.

సైబీరియా గొయ్యి కూడా అలాంటిదేనా?

వీడియోల్లో ఎక్కువగా కనిపించే మిర్నీ గని అలాంటిదే, అదే కింబర్లైట్ గొట్టం. 1955లో కనిపెట్టారు. 525 మీటర్ల లోతు, 1.2 కిలోమీటర్ల వెడల్పు. అక్కడ నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. చలికాలంలో పార దిగదు, వేసవిలో పైపొర కరిగి బురద. 2001లో పైనుంచి తవ్వడం ఆపేశారు.

సైబీరియాలోనే యమాల్ అనే చోట 2014లో కనబడిన గోతులు వేరు. వాటిని ఎవరూ తవ్వలేదు. గడ్డకట్టిన నేల వెచ్చబడినప్పుడు కింద మీథేన్ వాయువు పోగై, ఒత్తిడి పట్టలేక నేలని పేల్చుకుని బయటికి వచ్చింది. అందులోని మట్టి ఎక్కడికి పోయిందంటే, చుట్టూ గడ్డలు గడ్డలుగా ఎగిరి పడింది.

తవ్వకుండా తమంతట తాము గోతులు ఎలా పడతాయి?

ఎక్కువగా సున్నపురాయి నేలల్లో పడతాయి. వాన చినుకు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. గోళీసోడాలో ఉండే పులుపే అది, చాలా పల్చగా. ఇంట్లో చూడాలంటే గుడ్డు పెంకుని నిమ్మరసంలో వెయ్యండి. బుడగలు వచ్చి, పెంకు మెత్తబడుతూ కరుగుతుంది. సున్నపురాయి కూడా అలాగే, కాకపోతే వేల, లక్షల ఏళ్లు పడుతుంది. కింద గుహ ఏర్పడి, దాని పైకప్పు పల్చబడి, ఒకరోజు ఉన్నపళంగా కూలిపోతుంది.

చైనాలోని షియావోజాయ్ గొయ్యి అలా పడిందే. లోతు 662 మీటర్లు. అడుగున చెట్లు, వాటి కింద పారే నది. మధ్య అమెరికాలో బెలీజ్ దేశపు సముద్రంలో ఉన్న నీలి గొయ్యి కథ నాకు ఇంకా ఇష్టం. 300 మీటర్లకి పైగా వెడల్పు, 124 మీటర్ల లోతు, పైనుంచి చూస్తే లేత నీలం మీద ముదురు నీలం బొట్టు పెట్టినట్టు ఉంటుంది. నీటి అడుగున దాని గోడలకి సున్నపు ఊడలు వేలాడుతున్నాయి. నీటి బొట్లు గాలిలో కారితేనే అలాంటి ఊడలు పెరుగుతాయి. అంటే అది ఒకప్పుడు పొడి గుహ. మంచుయుగంలో సముద్రం బాగా కిందికి పోయినప్పుడు ఏర్పడింది, మంచు కరిగి సముద్రం పెరిగాక మునిగింది.

మన జిల్లాల్లో అలా నేల కుంగిపోయే ప్రమాదం ఉందా? రాత్రి పడుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

ఈ ప్రశ్న ఒక తల్లి అడిగారు. టెన్షన్ పడకండమ్మా. మన కొండలు, మన నేల కింద ఉన్నది ఎక్కువగా ఖోండలైట్, చార్నొకైట్, గ్రానైట్ జాతి రాళ్లు. అవి సున్నపురాయిలా నీటిలో కరగవు. కడప జిల్లాలో కింద సున్నపురాయి ఉంది కాబట్టి 2015లో పెద్ద వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో నేల గుండ్రంగా కుంగింది.

అయితే టౌన్లలో ఇంకో రకం ఉంది. 2010 మే చివర్లో మధ్య అమెరికాలోని గ్వాటెమాలా నగరంలో తుపాను వానకి నడి రోడ్డు మీద 20 మీటర్ల వెడల్పు, 90 మీటర్ల లోతు గొయ్యి పడి ఒక మూడంతస్తుల భవనం అందులోకి పోయింది. కింద ఉన్నది రాయి కాదు, అగ్నిపర్వతపు బూడిద పేరుకుని ఏర్పడిన వదులు నేల. మురుగు గొట్టం పగిలి, ఆ నీరు లోపల్లోపల మట్టిని కడిగేసుకుంటూ పోయింది. ఆ మట్టంతా డ్రైనేజీలోకి పోయింది, పైన తారు పొర మాత్రం వంతెనలా నిలబడింది. మన వీధుల్లో అంత లోతు పడదు గానీ పద్ధతి అదే. రోడ్డు ఒకచోట మెత్తగా దిగబడుతున్నా, పైపు లీకైన దగ్గర నీళ్లు పైకి రాకుండా ఎటో మాయమవుతున్నా, వెంటనే మున్సిపాలిటీకి చెప్పండి. పైకి కనిపించే నీటి కన్నా కనిపించకుండా పోయే నీటితోనే ప్రమాదం.

నరకానికి తలుపు అంటారు, అది ఎక్కడ?

తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలో. ఆ ఊరి పేరే దర్వాజా, మనం దర్వాజా అంటాం చూడండి, అదే మాట. 70 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతున్న గొయ్యి, అందులో ఏళ్ల తరబడి మండుతూ వచ్చిన సహజవాయువు మంట. 1971లో సోవియట్ వాళ్లు డ్రిల్లింగ్ చేస్తుంటే నేల కూలిందనీ, విషవాయువు పోతుందని నిప్పు పెడితే ఆరలేదనీ అందరూ చెప్పే కథ. ఆ దేశపు భూగర్భ శాస్త్రజ్ఞులు కొందరు మాత్రం అది 1960ల్లోనే కుంగిందనీ, మంట 1980ల్లో మొదలైందనీ అంటారు. 2013లో కెనడాకు చెందిన జార్జ్ కురూనిస్ వేడిని తట్టుకునే సూటు వేసుకుని అడుగుకి దిగి మట్టి తీసుకొచ్చారు. ఆ మట్టిలో బతికున్న సూక్ష్మజీవులు దొరికాయి. నరకం అనుకున్నచోట కూడా కాపురాలున్నాయన్నమాట.

ఆకాశం నుంచి రాయి పడితే ఎంత గొయ్యి పడుతుంది?

మన దేశంలోనే మహారాష్ట్రలో లోణార్ ఉంది, వెళ్లి చూడొచ్చు. సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు గుండ్రంగా, మధ్యలో ఉప్పూ క్షారమూ కలిసిన చెరువు. గట్టు చుట్టుపక్కల నేల కన్నా ఎత్తుగా ఉంటుంది, ఎందుకంటే లోపలి రాయి ఎగిరి అక్కడే పడింది. 2020 జూన్‌లో ఆ నీరు గులాబీ రంగుకి మారింది. ఉప్పు నీటిలో బతికే సూక్ష్మజీవులు పెరగడమే కారణం.

అమెరికాలో అరిజోనా గొయ్యి 1.2 కిలోమీటర్ల వెడల్పు, సుమారు 50,000 ఏళ్ల కిందటిది. డేనియల్ బారింజర్ అనే ఆయన, అంత గొయ్యి చేసిన ఇనప ఉల్క కింద ఎక్కడో ఉండి తీరాలని ఇరవై ఏళ్లకి పైగా తవ్వించాడు. దొరకలేదు. అది పడిన వేగానికి చాలావరకు ఆవిరైపోయింది. నా ప్రశ్న నేల గురించే కాదు, పడిన రాయి గురించి కూడా అడగాలని ఈయన కథే నేర్పింది.

డైనోసార్లని అంతం చేసిన గొయ్యి మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర ఉంది, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటిది, ఇప్పుడు పైకి కనిపించదు. వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవండి. ఆ గీతకి ఇంచుమించు సమానం.

నూతిలో రాయి వేసి లోతు చెప్పొచ్చా?

చెప్పొచ్చు. రాయి వదిలి, చప్పుడు వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఆ అంకెని అదే అంకెతో గుణించి, మళ్లీ ఐదుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. రెండు సెకన్లయితే సుమారు 20 మీటర్లు. తాగే నీళ్ల నూతిలో మాత్రం వెయ్యకండి.

మాంగనీసు గోతుల్లో, క్వారీ గుంటల్లో ఈత కొట్టొచ్చా?

కొట్టొద్దు.

మా ప్రాంతపు మాంగనీసు చిన్నది కాదు. 19వ శతాబ్దం చివర్లోనే ఇక్కడ తవ్వకం మొదలైంది. భూగర్భ శాస్త్రజ్ఞుడు లూయిస్ ఫెర్మర్ మా జిల్లా కోడూరు పేరు మీద ఒక రాయికి కోడురైట్ అని పేరు పెట్టాడు, అది ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. ఆ గోతుల్లోంచి తీసింది ఉక్కులో కలిసి పట్టాలైంది, వంతెనలైంది. టెక్కలి వైపు నీలి గ్రానైట్ ఎక్కడెక్కడి ఇళ్లకో గచ్చు అయింది. మట్టి ఎక్కడికి పోయిందో తెలుసు. గొయ్యి మాత్రం మన దగ్గరే ఉండిపోయింది.

నేను ఏడో తరగతిలో ఉండగా నా పక్కన కూర్చునే కుర్రాడు ఒక ఆదివారం అలాంటి గోతిలో ఈతకి దిగి తిరిగి రాలేదు. దానికి కంచె లేదు, బోర్డు లేదు. గని వదిలేసేటప్పుడు కంచె వెయ్యాలని నిబంధనలు అప్పటికే ఉన్నాయి. తవ్వుకున్నవాళ్లు అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయారు. వాడి చెప్పులు గట్టు మీద ఉన్నాయి. నలభై ఏళ్లయినా నాకు అవి కనిపిస్తూనే ఉంటాయి.

చెరువుకి ఒడ్డు ఉంటుంది, లోతు మెల్లగా పెరుగుతుంది. క్వారీలో మొదటి అడుగే ముప్పై నలభై అడుగుల లోతులో పడొచ్చు. గోడలు నిలువు, పట్టుకోవడానికి గడ్డి పరక దొరకదు, ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేక అలిసిపోతాడు. పైన వెచ్చగా ఉన్న నీరు కాస్త కిందికి వెళ్లేసరికి చల్లగా తగిలి కండరాలు పట్టేస్తాయి. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకొద్దు. తాడు, చీర, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది ఉంటే అది విసరండి. 112కి ఫోన్ చెయ్యండి.

పాత నూతిలో పూడిక తియ్యడానికి దిగే ముందు దీపం దించి చూస్తే సరిపోతుందా?

సరిపోదు. దీపం ఆరిపోతే ప్రాణవాయువు చాలదని అర్థం, దిగకూడదు. కానీ దీపం వెలుగుతున్నా విషవాయువు ఉండొచ్చు. చెత్తా ఆకులూ కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. నూతిలోపల డీజిల్ ఇంజను పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసన కూడా ఉండదు. బెలీజ్ నీలి గోతిలో కూడా 90 మీటర్ల దగ్గర ఇదే హైడ్రోజన్ సల్ఫైడ్ పొర ఉంది, దాని కింద ప్రాణవాయువు లేదు, చేప లేదు. ఒకరు పడిపోతే తీద్దామని రెండోవారు, వాళ్ల కోసం మూడోవారు దిగడం వల్లే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. పడిపోయినవారి కోసం ఎవరూ దిగొద్దు, ఫైర్ స్టేషన్‌కి 101కి ఫోన్ చెయ్యండి.

నీళ్లు పడని బోరు గుంటని ఏం చెయ్యాలి?

అదే రోజు మూసెయ్యాలి. 2006లో హర్యానాలో ఐదేళ్ల బాబు అరవై అడుగుల బోరు గుంటలో పడితే, పక్కన ఇంకో గొయ్యి తవ్వి, సుమారు రెండు రోజులకి ప్రాణాలతో తీశారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: తవ్వేటప్పుడు చుట్టూ కంచె, బోర్డు ఉండాలి. పైపు చుట్టూ సిమెంటు దిమ్మ కట్టాలి. పైపు మూతికి ఇనప రేకు వెల్డింగ్ చెయ్యాలి. వదిలేసిన బోరుని మట్టీ ఇసుకా రాళ్లూ వేసి అడుగు నుంచి పైదాకా నింపాలి. మీద గోనెసంచి కప్పి రాయి పెట్టడం మూసినట్టు కాదు.

మనకి దగ్గర్లో పిల్లల్ని తీసుకెళ్లి చూపించగలిగేది ఏముంది?

బొర్రా గుహలు. కొత్తవలస మీదుగా వెళ్లే కిరండూల్ రైలు శృంగవరపుకోటలో ఎక్కితే ఘాట్‌లో సొరంగాలు దాటుకుంటూ బొర్రా స్టేషన్‌కి చేరుస్తుంది. పైన మేస్తున్న ఆవు కప్పుకి ఉన్న కన్నంలోంచి లోపల పడిందనీ, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగంలాంటి రాయి కనిపించిందనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. లోతు సుమారు 80 మీటర్లు. మధ్యాహ్నం పూట పైకన్నంలోంచి వెలుతురు కిందికి దిగుతుంది, పిల్లలు దాని కింద నిలబడి తల ఎత్తి చూస్తారు.

మన రాళ్లు కరగవని పైన రాశాను కదా, మరి ఇక్కడ గుహ ఎలా వచ్చిందని గడుసు పిల్లలు పట్టుకుంటారు. బొర్రా దగ్గర ఆ గట్టి రాళ్ల మధ్య సున్నపురాయి ఉంది, దాన్ని గోస్తనీ నది తొలిచింది. మరి ఆ రాయి ఎక్కడికి పోయింది? గోస్తనీ నీటిలో కరిగి కొండ దిగింది. అదే నది మా జిల్లాలో తాటిపూడి రిజర్వాయరు నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుహలో కప్పు నుంచి కారే బొట్టు కింద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచమంటాను. ఆరాక చేతి మీద సన్నగా తెల్లటి మరక కనిపిస్తే అది ఆ రాయే.